మందుగుండు గది నిశ్శబ్దం

ఒకటో రోజు

గనిలో మా అందరికీ పెద్ద, సర్దార్ మొగిలి ఈ పుస్తకం నా చేతిలో పెట్టి పన్నెండు రోజులపాటు, సంగతి ఉన్న రోజల్లా రాయమన్నాడు. "జరిగింది జరిగినట్టు రాయి బూలక్కా. సొంత కవిత్వం పెట్టకు" అన్నాడు. నాకు కవిత్వం రాదు, కోపం వస్తుంది. అదే రాస్తాను.

నా పేరు భూలక్ష్మి. ఏడో గని రెండో లెవెల్‌లో, వెనకటికి మందుగుండు దాచిన గదిలో ఫోన్లకు మోతలు చేస్తాను. పెద్ద ఫోన్లవాళ్ళు రింగ్‌టోన్లంటారు, మేం మోతలంటాం. బొగ్గు అయిపోయి ఖాళీగా పడున్న ఈ గనిలోకి మా ముందు తరం ఎండకు తాళలేక దిగింది. ఒక్క వేసవి గడిపి వెళ్దామని దిగారట. ఆ వేసవి ఇంకా అయిపోలేదు.

ఈ పుస్తకం రాజేశం వల్ల వచ్చింది. రాజేశం కప్పుకింద దుంగలు సరిచూసే మనిషి. నిన్న మధ్యాహ్నం అతని ఫోన్ భార్య మోతతో మోగింది. నేను చేసిన మోతే. ఆమె కుట్టుమిషన్ తొక్కుతుంటుంది, మధ్యలో దారం తెగితే "థూ, నీ పాడుగాను" అంటుంది. ఎత్తితే భార్య గొంతు. "స్టోర్‌కాడ చింతపండు ఇస్తున్నరు, నీ పేరు రాయమనాల్నా?" అంది. "సరే" అన్నాడు. భార్య ఆ టైములో పక్క గదిలో గురక పెడుతోంది. సాయంత్రానికి అతనికి పలకల డ్యూటీ చీటీ వచ్చింది.

ఫోన్లో సరే అంటే సంతకం పెట్టినట్టే. రాళ్ళు మోసీ మోసీ మా వేళ్ళ గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర పడటం లేదని పలకల కంపెనీ ఈ పద్ధతి తెచ్చింది. పైన మైళ్ళకొద్దీ సోలార్ పలకలు. వాటి మీద దుమ్ము తుడవాలి. మిషన్లు పెట్టి చూశారు, దుమ్ముకి పట్టేశాయి. మనుషులు పట్టెయ్యరు, పడిపోతారు. నడిపొద్దు డ్యూటీ, తొంభై రోజులు. నిరుడు పోయిన పదకొండు మందిలో ఏడుగురు తిరిగొచ్చారు, అందులో ఇద్దరికి చూపు లేదు. తెలిసి ఎవడూ సరే అనడు గనక, తెలియకుండా అనిపించే దొంగ గొంతులు వచ్చాయి. ఎవరి గొంతునైనా అచ్చంగా అనుకరిస్తాయి. ఎవరు తయారుచేస్తున్నారో రుజువు లేదు. రుజువు లేకపోయినా అందరికీ తెలుసు.

ఒక్క దయ ఉంది. డ్యూటీకెక్కిన మూడో రోజు మధ్యాహ్నం ఒక ఫోన్ చేసుకోనిస్తారు. ఆ ఫోన్లో అవతలివాళ్ళు సరే అంటే జోడీ పడుతుంది, రోజులు చెరిసగం అవుతాయి. తొంభై రోజుల ఎండను తట్టుకోలేని మనిషి నలభై ఐదుని తట్టుకుంటాడు.

దొంగ గొంతులకు విరుగుడుగానే మా మోతలు పుట్టాయి. మెసేజ్‌లను నమ్మడం మా అమ్మ కాలంలోనే మానేశారు. ఇద్దరు దగ్గరివాళ్ళు వచ్చి, వాళ్ళకే చెందిన ఒక చప్పుడుతో మోత చేయించుకుని, ఇద్దరి ఫోన్లలోకీ వైరుతో ఎక్కించుకుంటారు. ఒకసారి ఎక్కితే ఆ ఫైలు మళ్ళీ బయటికి రాదు. ఫోన్ చేసేవాళ్ళ ఫోనే మోతను పంపుతుంది. తెలియని ఫోన్ అయితే ఉత్త గంట మోగుతుంది, దాన్ని ఎవరూ ఎత్తరు.

మరి మోగుతున్న మోతను ఎవడో వింటే? అందుకే ముద్ర ఉంది. మా గది నాలుగు గోడలకీ ఊరందరి పాత చీరలతో, పంచెలతో కుట్టిన బొంతలు వేలాడతాయి. ఆ గది నిశ్శబ్దం ఇంకెక్కడా ఉండదు. ప్రతి మోతకూ ముందు అర సెకను ఆ నిశ్శబ్దం పెడతాను. ఫోన్ ముందు దాన్నే పోల్చుకుంటుంది. సొరంగంలో గాలిమిషన్ల హోరులో అది కరిగిపోతుంది గనక బయట విన్నవాడికి మోత దొరుకుతుంది గాని ముద్ర దొరకదు.

రాజేశానికి వచ్చిన దొంగ ఫోన్లో ముద్ర ఉంది. అంటే అది నా గదిలోంచే పోయింది. ఆ గదికి తాళంచెవులు రెండు. ఒకటి నా కొంగున ఉంటుంది. రెండోది ఓదెలు దగ్గర.

రెండో రోజు

స్వరూప అనే పిల్ల తల్లిని వెంటబెట్టుకొచ్చింది. గిన్నె అడుగున అంటిన సర్వపిండిని తల్లి అట్లకాడతో గీకి తీసే చప్పుడు కావాలట. గిన్నె, పిండి, పొయ్యి అన్నీ మోసుకొచ్చారు.

"నూనె తక్కువ పోసినవ్, గందుకే అంటింది" అంది కూతురు.

"అంటకపోతే గీకుడెట్ల? గీకకపోతే మోతెట్ల?" అంది తల్లి. ఆవిడకి పని తెలుసు.

మూడుసార్లు రికార్డు చేశాను. అన్నిటికంటే గట్టిగా గీకిన చోట మొదలుపెట్టాను, ఎందుకంటే మోత మొదట్లోనే చెవిని పట్టుకోవాలి. ఇరవై తొమ్మిది సెకన్లకు కత్తిరించాను. ముప్పై దాటితే ఫోన్ తీసుకోదు. చివర మెల్లగా తగ్గించి, ముందు అర సెకను మా నిశ్శబ్దం అతికించాను. ఫైలు పేరు చివర తోక మార్చాలి, లేకపోతే ఫోన్ దాన్ని పాటనుకుని పాటల్లో పడేస్తుంది. ఎక్కించే పని ఓదెలుది. వైరు పెట్టి, మోతల అరలోకి పంపి, ఫోన్ ఆపి మళ్ళీ వేసి, తల్లి పేరు ఎదురుగా ఆ మోతను ఎంచి, ఫోన్‌కి బొట్టు పెట్టి ఒకసారి మోగించాడు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే ఈ పని చేస్తున్నాను, ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఇక ఓదెలు సంగతి. నలభై ఏళ్ళ మనిషి. భార్య లేదు, మంజుల అని పందొమ్మిదేళ్ళ కూతురుంది, దవాఖానాలో పని. పదకొండేళ్ళుగా నాతో ఉన్నాడు, పదకొండు మాటలు మాట్లాడి ఉండడు. ఫోన్ ఎత్తినా, చేసినా ముందు నోరు తెరవడు. అవతల గది ఎలా ఉందో వింటాడు, తర్వాత "అక్కా" అంటాడు. మొదట్లో ఫోన్ పాడైందేమోనని నాలుగు దెబ్బలు కొట్టేదాన్ని.

ఇవాళ వాళ్ళు వెళ్ళాక జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నేను తిరిగి చూసేసరికి మూసేశాడు.

"ఏంది రాస్తున్నవ్?"

"ఏం లేదక్కా."

ఏం లేనిదాన్ని రాసుకునేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నాలుగో రోజు

రెండో దొంగ ఫోన్ వచ్చింది. ఈసారి మా పక్క గది సారక్కకి. ఆమె మొగుడు ఈల వేస్తూ గడ్డం గీసుకునే మోత. అదృష్టం ఏమిటంటే, మోగినప్పుడు మొగుడు ఆమె పక్కనే కూచుని జొన్నరొట్టె తింటున్నాడు. సారక్క ఫోన్ అతని చెవికి పెట్టింది.

"నా గొంతే బూలక్కా" అన్నాడు నా దగ్గరికొచ్చి. "నాకంటె మర్యాదగ మాట్లాడ్తది. ఎత్తంగనే మొదలువెడ్తది, ఊపిరి గూడ తీస్కోదు. బట్టలుతుకుతవా, సరేనా, అన్నమొండుతవా, సరేనా."

"నువ్వెప్పుడన్న నన్ను సరేనా అని అడిగినవా?" అంది సారక్క. "గందుకే అనుమానమొచ్చింది నాకు."

నేను నవ్వలేకపోయాను. వాళ్ళ మోత చేసిన వారం నాకు జ్వరం. ఆ మోత ఓదెలు ఒక్కడే చేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి వేరే పనులుంటాయి, నాకు ఇదొక్కటే పని.

ఐదో రోజు

ఉచ్చు పన్నాను. మూడో లెవెల్ లచ్చన్నకీ వాళ్ళ తమ్ముడికీ మోత కావాలని ఓదెలుతో చెప్పాను. అలాంటి అన్నదమ్ములెవరూ లేరు. చాటలో కందిపప్పు చెరిగే చప్పుడు నేనే రికార్డు చేసి, కత్తిరించి, ఓదెలు చేత నా పాత ఫోన్లోకే ఎక్కించాను. దాన్ని రేకుపెట్టెలో పెట్టి మంచం కిందకి తోశాను. ఈ మోత ఓదెలుకు తప్ప ఎవరికీ తెలియదు. అది మోగిందంటే దొంగ దొరికినట్టే.

పని అయ్యాక ఓదెలు నాకు చాయ్ తెచ్చాడు. చక్కెర సరిగ్గా వేశాడు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఏడో రోజు

పెట్టె మోగలేదు. దొంగ నా కంటే తెలివైనవాడన్నమాట.

ఇవాళ ఓదెలు చేతులు కడుక్కోవడానికి నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళినప్పుడు అతను విప్పి తగిలించిన చొక్కా జేబులోంచి నోటుపుస్తకం తీశాను. సిగ్గుపడాల్సిన పనే. ఆ సిగ్గు తర్వాత పడదామనుకున్నాను.

అందులో అన్నీ పేర్లు. మా దగ్గర మోత చేయించుకున్నవాళ్ళ పేర్లు. ఒక్కో పేరు ఎదుట ఒక నంబరు. "రాజేశం, 14 దగ్గర, రోజుకు ఆరుసార్లు." "సారక్క, 9 దగ్గర, నాలుగుసార్లు." ఆ నంబర్లు కప్పు చెవులవి. గని కప్పు కూలే ముందు పగుళ్ళు విడుతూ చిటపటలాడుతుంది, దాన్ని వినడానికి పలకల కంపెనీ సొరంగాల పొడవునా కప్పుకి బిగించిన పరికరాలవి. వాటితో ఇతనికేం పని? కింద ఇంకా చాలా పేర్లున్నాయి. చివర్న మంజుల పేరు కూడా ఉంది. కన్నకూతుర్ని కూడా లెక్కలో వేశాడే అని నా ఒళ్ళు మండిపోయింది. చివరి పేజీ దాకా వెళ్ళే ఓపిక లేకపోయింది. పుస్తకం పట్టుకుని సూటిగా మొగిలి దగ్గరికి నడిచాను.

ఎనిమిదో రోజు

వెనకటికి గని దీపాలు పంచిన లాంప్ రూంలో పంచాయతీ పెట్టారు. వంద మందికి పైగా వచ్చారు. మొగిలి నోటుపుస్తకం పైకెత్తి చూపించాడు.

"నీదేనా?"

"నాదే" అన్నాడు ఓదెలు.

"మోతలమ్మినవా?"

"అమ్మలే."

"మరి గీ పేర్లేంది? గీ నంబర్లేంది?"

ఓదెలు నావైపు చూశాడు. "ఇంకొక్క సంగతి తేలాలె సర్దార్. తేలినంక చెప్త. గిప్పుడు చెప్తె బాధపడేటోళ్ళున్నరు."

"ఎవలు బాధపడ్తరు?"

తలవంచుకున్నాడు. జవాబు లేని మనిషే తలవంచుతాడని నేను పక్కనున్నామెతో గట్టిగానే అన్నాను. వినబడాలనే అన్నాను. ఒకరు మొదలుపెడితే వందమంది అందుకున్నారు.

శిక్ష ఏమిటంటే మోత తీసెయ్యడం. అతని మోతను అందరి ఫోన్లలోంచీ చెరిపేస్తారు. ఇక అతను ఎవరికి ఫోన్ చేసినా ఉత్త గంటే మోగుతుంది, ఎవరూ ఎత్తరు. మిగతావాళ్ళ మోతలు అతని ఫోన్లో అలాగే ఉంటాయి. పిలిచేవాళ్ళుండరు గనక అవి మోగవు, అంతే. చెరిపే పని మోతలు చేసేదానిదే. అతని మోత ఉన్న ఇరవై రెండు ఫోన్లు వరసగా నా ముందు పెట్టారు.

ఆఖరి ఫోన్ మంజులది. తండ్రీకూతుళ్ళ మోత ఏమిటంటే, చిన్నప్పుడు దాని జడ వెయ్యడం రాక ఓదెలు దువ్వెన పడేసుకుంటాడు, అది కిలకిలా నవ్వుతుంది. చెరిపేశాను.

"మా నాయిన దొంగనా పెద్దమ్మా?" అంది.

"పంచాయతి అన్నది బిడ్డా."

"పంచాయతి కాదు. నువ్వేమంటవ్?"

నేను ఫోన్ దాని చేతిలో పెట్టి పంపేశాను.

నిజం రాయాలంటే, ఒక్క ఫోన్‌ను మాత్రం చెరపలేదు. అది నాది. నాకూ ఓదెలుకీ మధ్య మోత మా గది ఇనుప గొళ్ళేనిది. తుప్పు పట్టి, రెండుసార్లు గుంజితే గాని పడదు. దొంగ మళ్ళీ ఏదైనా చేస్తే పట్టుకోవడానికి ఉంచానని మొగిలికి చెప్పాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను.

తొమ్మిదో రోజు

ఓదెలు నడిపొద్దు డ్యూటీలో పడ్డాడు.

పొద్దున పది గంటలకి అతని ఫోన్ మంజుల మోతతో మోగిందట. మోత తీసేసిన మనిషి, నిన్నటి నుంచి ఒక్కరూ పలకరించని మనిషి. పదకొండేళ్ళలో మొదటిసారి, ముందు విని తర్వాత మాట్లాడటం మర్చిపోయాడు. "నాయినా, నీతోని మాట్లాడాలనున్నది, రావాల్నా?" అని కూతురి గొంతు. "సరే బిడ్డా" అన్నాడు. చొక్కా మార్చుకుని, గది ఊడ్చుకుని గుమ్మంలో కూచున్నాడు. మంజుల రాలేదు. చీటీ వచ్చింది. రేపు పొద్దున పైకెక్కాలి.

ఈ సంగతి చెప్పింది మంజులే. ఏడవలేదు. చెప్పి, నా మొహం కాసేపు చూసి వెళ్ళిపోయింది.

అతని తాళంచెవి నిన్నటి నుంచి నా దగ్గరే ఉంది. గదిలోకి నేను తప్ప ఎవరూ పోలేదు. అయినా దొంగ మోత మోగింది. తన మీద తనే దొంగ ఫోన్ చేయించుకునేవాడు ఎవడైనా ఉంటాడా? ఇన్నాళ్ళూ ఓదెలు మీద పెట్టిన అనుమానాన్ని తీసి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

పదో రోజు

ఇవాళ కప్పు కూలిన రోజు. పందొమ్మిదేళ్ళ కిందట మూడో లెవెల్‌లో నలభై ఒక్క మంది పోయారు. అందులో మా ఆయన లింగయ్య ఒకడు. ప్రతి ఏడూ అందరం సొరంగాలు కలిసే పెద్ద జంక్షన్లో చేరతాం, పేర్లు చదువుతారు, రెండు నిమిషాలు మౌనం. పొద్దున్నే ఓదెలు పైకెక్కిపోయాడు. నేను వెళ్ళి చూడలేదు, ఏ మొహంతో చూస్తాను?

పిల్లలు ఏడుస్తారు, ముసలివాళ్ళు దగ్గుతారు, గాలిమిషన్ హోరు ఒకటి. మౌనం మౌనంగా ఉండటం లేదని కంపెనీ వెల్ఫేర్ సారు దయాకర్ రెండేళ్ళ కిందట ఒక ఏర్పాటు చేశాడు. ఆ రెండు నిమిషాలు గాలిమిషన్లు ఆపి, స్పీకర్లలో మంచి నిశ్శబ్దం వేస్తారు. నిరుడు ఈ సమయానికి నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఈసారి ఏడుపు రాలేదు. పది రోజులుగా ప్రతి చప్పుడునీ అనుమానించి అనుమానించి చెవులు కత్తుల్లా ఉన్నాయి. నిశ్శబ్దాన్ని విన్నాను.

టప్. టప్. కొంతసేపయ్యాక ఇంకో టప్.

మా గదిలో ఈశాన్యం మూల బొంత వెనక ఊట ఉంది. రెండు బొట్లు దగ్గర దగ్గరగా పడతాయి, మూడోది ఆలస్యంగా పడుతుంది. పదకొండేళ్ళుగా ఆ వరసే. గదికి రెండు వందల గజాల దూరంలో, జనం మధ్యలో కూచుని నేను నా గదిని వింటున్నాను.

వెల్ఫేర్ సారు నిశ్శబ్దం అడిగింది నన్నే. "మీ గదిలో మంచి నిశ్శబ్దం ఉంటుందట కదమ్మా, మావాళ్ళ కోసం రెండు నిమిషాలు ఇవ్వండి" అన్నాడు. మావాళ్ళు అన్నందుకు కరిగిపోయాను. లింగయ్య కోసమని తలంటుకుని, దీపం పెట్టి, తలుపేసుకుని రికార్డు చేశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ మోతా చేయలేదు. మోత బయటికి పోతే భయపడాలి గాని, ఏమీ లేని ఫైలు పోతే ఏం పోతుందని నా చేత్తో ఇచ్చాను. రెండు నిమిషాలంటే రెండు వందల నలభై అర సెకన్లు.

మోతలు కప్పు చెవులకి ఎప్పుడూ వినబడుతూనే ఉన్నాయి. ముద్ర ఒక్కటే వాళ్ళ దగ్గర లేదు, అది నేనిచ్చాను. రేకుపెట్టెలో ఉచ్చు ఎందుకు మోగలేదో కూడా అర్థమైంది. ఆ మోత సొరంగంలో ఒక్కసారీ మోగలేదు, ఏ చెవీ దాన్ని వినలేదు.

లేచి మొగిలి దగ్గరికి పోయి ఓదెలు నోటుపుస్తకం అడిగాను. ఎవరి మోత ఏ చెవి కింద ఎన్నిసార్లు మోగుతుందో పాపం తిరిగి తిరిగి రాసుకున్నాడు. ఎక్కువసార్లు మోగినవాళ్ళకే దొంగ ఫోన్లు వచ్చాయి. కూతురి పేరు రాసుకుంది ఆమెకు ప్రమాదముందని. ఏడో రోజు నేను తెరవని చివరి పేజీలో రెండే లైన్లున్నాయి.

"నిశ్శబ్దం బయటికెట్ల పోయింది? సంతాపం ఫైలేనా? అక్కనడగాలె. లింగయ్య బావ కోసం ఇచ్చింది, ఎట్ల అడగాలె."

జంక్షన్లో అందరి ముందూ ఆ పేజీని మొగిలి చేతిలో పెట్టాను. దొంగ నేనే. తెలియక చేసిన దొంగని, కాని నోరారా అని ఒక మనిషిని దొంగను చేశాను.

పదకొండో రోజు

మొగిలి, నేను వెల్ఫేర్ ఆఫీసుకి వెళ్ళాం. దయాకర్ సారు కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్ళిచ్చాడు.

"నేను అడిగింది నిశ్శబ్దమే కదమ్మా" అన్నాడు. "ఏమీ లేని ఫైలు మీద ఫిర్యాదు రాస్తే ఎవరైనా నవ్వుతారు. ఓదెలు గారు సరే అన్నారు. రికార్డుంది, వినిపించమంటారా?"

"వద్దు సారూ. నా చేతులతోటి చేసుకున్నది చాలు" అన్నాను.

"నోట్లెంచి పోయిన సరే వెనక్కి రాదు బూలక్కా" అన్నాడు మొగిలి బయటికొచ్చాక. "మిగిలినోళ్ళనన్న కాపాడు."

గదికి పోయి బొంతలన్నీ దించేశాను. తూర్పు గోడవి పడమటికి, పడమటివి కప్పుకి కట్టాను. ఊట మూలను మట్టితో మెత్తాను. గది నిశ్శబ్దం మారిపోయింది, పరాయి ఇంట్లో నిలబడ్డట్టుంది. ఇక అందరి ఫోన్లకీ మోతలు మళ్ళీ చేసి ఎక్కించాలి. అప్పటిదాకా ఎంత దగ్గరివాళ్ళ మోత వచ్చినా ఎత్తొద్దని లెవెల్ లెవెల్‌కీ చాటింపు వేయించాను.

మధ్యాహ్నం మంజుల వచ్చింది. వైరు తీసుకుని ఫోన్లకు ఎక్కించడం మొదలుపెట్టింది. తండ్రి దగ్గర చూసి నేర్చుకుందట. ఫోన్ ఆపి వేసేటప్పుడు అచ్చం అతనిలాగే తల పక్కకి వంచి వింటుంది.

"తిట్టు బిడ్డా నన్ను" అన్నాను.

"నాయిన వచ్చినంక ఆయన ముంగట్నే తిడ్త" అంది. "వస్తడుగా?"

పన్నెండో రోజు

ఓదెలు పైకెక్కి ఇవాళ్టికి మూడో రోజు. మధ్యాహ్నం అతనికి ఒక్క ఫోన్ ఇస్తారు. ఈ లోకంలో అతని మోత మిగిలున్న ఫోన్ నాదొక్కటే, మిగతావన్నీ నేనే చెరిపాను. పన్నెండు గంటల నుంచి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

పన్నెండున్నరకి గొళ్ళెం చప్పుడు మోగింది. రెండుసార్లు గుంజినట్టు.

చెయ్యి పోలేదు. ఎత్తొద్దని నిన్న చాటింపు వేయించింది నేనే. ఓదెలు ఫోన్లో ఉన్నది పాత ముద్ర, ఆ ముద్ర దొంగల దగ్గరా ఉంది. మూడో రోజు నేనిలా కూచుంటానని వాళ్ళకి తెలియకుండా ఉంటుందా? గొళ్ళెం మోత తొమ్మిదో చెవి కింద రోజూ మోగిందే.

ఎత్తాను.

అవతల ఎవరూ మాట్లాడలేదు. ఈదురుగాలి వినబడింది. అద్దం మీద బట్ట రాసినట్టు కీచుమని ఒక చప్పుడు. ఊపిరి. దొంగ గొంతయితే ఎత్తగానే మొదలుపెడుతుంది, ఊరుకోవడం దానికి రాదు. ముందు విని తర్వాత మాట్లాడే మనిషి నాకు తెలిసి ఒక్కడే.

కాని అనుమానం నా ఒంట్లోంచి పోలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఊరుకోవడం కూడా వాళ్ళు నేర్చుకోలేదని ఏమిటి గ్యారంటీ? రెండు నిమిషాల నిశ్శబ్దం వాళ్ళకి ఉత్తపుణ్యానికి నేనే ఇచ్చాను. ఇది ఓదెలైతే జోడీ, నలభై ఐదు రోజులు. దొంగ గొంతయితే తొంభై రోజులు నావి, ఓదెలు తొంభై ఓదెలువే. నా వయసు యాభై మూడు. గొంతు విన్నా నమ్మలేను, తేల్చుకోవడానికి ఇంకే దారీ లేదు. అవతలివాడు అడగలేదు, అడిగేలా కూడా లేడు.

"సరే" అన్నాను.

ఫోన్ ఒకసారి గుర్రుమంది. నమోదైనప్పుడు అలాగే గుర్రుమంటుంది.

"అక్కా!" ఓదెలు గొంతు బొంగురుపోయి ఉంది. "ఎంత పనిచేసినవ్. జోడీకి చెయ్యలేదక్కా నేను. ఆ నిశ్శబ్దం సంగతి చెప్దామని చేసిన. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఆగిన."

"తెలిసింది. బొంతలన్నీ మార్చిన."

గాలి కాసేపు హోరెత్తింది. "నేనో కాదో తెల్వకుండ ఎట్లన్నవక్కా?"

"తెల్వకుండనే నిన్ను దొంగన్న" అన్నాను. "తెల్వకుండనే సరే అన్న."

వాళ్ళిచ్చిన టైము అయిపోయేదాకా ఇద్దరం గాలి చప్పుడు విన్నాం.

ఒంటిగంటకి చీటీ వచ్చింది. రెండుసార్లు చదివాను, మంజుల చేత మూడోసారి చదివించాను. జోడీ: ఓదెలు, భూలక్ష్మి. చెరి నలభై ఐదు.

మొగిలీ, ఈ పుస్తకం నీకు అప్పజెబుతున్నాను. కవిత్వం ఎక్కడైనా ఉంటే కొట్టెయ్. ఓదెలును దొంగన్న ఎనిమిదో రోజు పేజీని మాత్రం ఉంచు, పంచాయతీలో అందరి ముందూ చదివించు. ఒక తాళంచెవి మంజులకిచ్చాను, రెండోది ఓదెలు దిగి వచ్చాక అతనిది. ఈ సాయంత్రం అతని మోత మంజుల ఫోన్లోకి మళ్ళీ ఎక్కించాను, కొత్త నిశ్శబ్దంతో. దువ్వెన పడ్డ చప్పుడు, ఆ నవ్వు. ఒకసారి మోగించి, బొట్టు పెట్టి ఇచ్చాను. నా తలగుడ్డ తడిపి సిద్ధంగా పెట్టుకున్నాను. రేపు పొద్దున నేను పైకెక్కుతున్నాను.